నీలకంఠం నల్లకళ్ళద్దాలు

ఆదివారం పొద్దున్న నీలకంఠం రెండు పనులు అనుకున్నాడు. ఒకటి, అత్తగారి ఊరు పద్మనాభం వెళ్ళి పెళ్ళాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. రెండు, దారి పొడుగునా నల్లకళ్ళద్దాలూ టోపీ తియ్యకుండా ఉండాలి. మొదటిది కష్టమనీ, రెండోది తేలికనీ అనుకున్నాడు. కొంప మీదికి తెచ్చింది రెండోదే.

నీలకంఠం పోర్టులో సిగ్నల్‌మేన్. క్రేను కింద నిలబడి, గాల్లో వేలాడే సరుకుని ఎటు జరపాలో, ఎప్పుడు దించాలో, పైన గదిలో కూర్చున్న డ్రైవరుకి చేతులతో సైగలు చేస్తాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ తలెత్తి ఎండలోకి చూడడమే అతని పని. పైనుంచి ఎండ, పక్కనుంచి సముద్రం మీద పడి లేచే తళతళ. ఆ మధ్య కళ్ళు ఎర్రబడి, ఇసక పోసినట్టు గరగరలాడుతుంటే ద్వారకా నగర్‌లో కంటి డాక్టరు అనూరాధ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ రెప్పలు ఎత్తి చూసింది. "ఎండ చేసిన పనండీ ఇది. తెల్లగుడ్డు మీద చిన్న కండ పెరిగి నల్లగుడ్డు వైపు పాకుతోంది. ఇప్పుడేం ప్రమాదం లేదు. పట్టించుకోకుండా తిరిగితే మాత్రం నల్లగుడ్డు మీదికి వచ్చి చూపుకి అడ్డం పడుతుంది. ఇక జీవితాంతం బయట అడుగు పెడితే మంచి నల్లద్దాలు, అంచున్న టోపీ ఉండాల్సిందే. మబ్బేసిన రోజైనా సరే."

"డ్యూటీలో కూడానా మేడమ్?"

"డ్యూటీలో, బజార్లో, అత్తారింటికి వెళ్ళేటప్పుడు కూడా."

డాక్టరు మాటవరసకి అన్నది. నీలకంఠం ఉలిక్కిపడ్డాడు. అతని మనసులో ఉన్నది సరిగ్గా అదే.

భార్య జ్యోతిర్మయి అతనికి మేనమామ కూతురు. చిన్నప్పుడు బావా అని పిలిచేది, పెళ్ళయ్యాకా మార్చలేదు. వాళ్ళమ్మ కాశమ్మకి కంట్లో శుక్లం తీశారు. చుక్కలమందు వెయ్యడానికి మనిషి కావాలి. పది రోజుల్లో వచ్చేస్తానని చెప్పి జ్యోతిర్మయి పుట్టింటికి వెళ్ళింది. ఎండాకాలం వచ్చేసింది గానీ ఆవిడ రాలేదు. బట్టలు సర్దుకున్న ప్రతిసారీ కాశమ్మ మంచం మీంచి, "ఓలమ్మ, ఇయ్యాలేటో కళ్ళు మసకేత్తన్నాయే" అనేది. సర్దిన బట్టలు మళ్ళీ దండెం మీదికి ఎక్కేవి.

గోపాలపట్నంలో ఇల్లు బోసిపోయింది. కూతురు కీర్తన హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అద్దం మీద జ్యోతిర్మయి అంటించి వెళ్ళిన స్టిక్కరు బొట్టు అలాగే ఉంది. నీలకంఠం గడ్డం గీసుకునేటప్పుడు అది సరిగ్గా అతని నుదుటి మీదికి వచ్చేది. పక్కకి జరిగి గీసుకునేవాడు గానీ దాన్ని పీకేవాడు కాదు.

రోజూ సాయంత్రం ఫోను వచ్చేది.

"తిన్నావా బావా?"

"తిన్నాను. అత్తకి సుక్కలేసావా?"

"ఏసాను. గేస్ బుక్ సేసావా?"

"సేసాను."

ఆ తరవాత మాటలుండవు. అవతల గేదె అరిచేది. ఇవతల రైలు పోయేది. "మరి పెట్టీనా?" అనేది జ్యోతిర్మయి. "పెట్టీ" అనేవాడు నీలకంఠం. ఇద్దరూ పెట్టేవారు కాదు. కాసేపు గేదె, కాసేపు రైలు మాట్లాడుకున్నాక ఎవరో ఒకరు ధైర్యం చాలక ఆపేసేవారు.

ఒకరోజు ఆవిడే అడిగింది. "నువ్వు రమ్మంటే వచ్చీనా బావా?"

'రా' అంటే సరిపోయేది. తెలుగులో అంతకంటే చిన్నమాట లేదు. రోజంతా చేతులతో మాట్లాడే నీలకంఠానికి నోరు పెగల్లేదు. "నాకేటి ఇబ్బంది? అత్తకి బాగైనాకే రా" అన్నాడు. అవతల చాలాసేపు గేదె కూడా అరవలేదు. ఆ మర్నాటి నుంచి ఫోను రెండు మాటలకి కుదించుకుపోయింది. ఫోనులో కుదరని మాట ఎదురుగా చెప్పేద్దామనే ఈ ఆదివారం ప్రయాణం.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని, గుమ్మం దాటక ముందే కళ్ళద్దాలు తగిలించుకున్నాడు. అలవాటు లేని పని. రెండిళ్ళకీ కలిపి ఉన్న చీకటి వసారాలో నల్లద్దాలతో నడిస్తే ఏం కనిపిస్తుంది? పక్కింటి గంగాభవాని బియ్యం కడిగి పెట్టుకున్న గిన్నె తన్నేశాడు. గోడకి గుద్దుకున్నాడు. రెండు చేతులూ చాచి తడుముకుంటూ మెట్టు కోసం వెతుకుతుంటే ఆవిడ చూసింది.

గంగాభవాని వాళ్ళది గోదావరి వైపు. భర్త స్టీలుప్లాంటు ఉద్యోగంతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఆవిడది జాలిగుండె. దానికి తోడు ఆవిడ ఫోనులో కాలనీ అంతటి నంబర్లూ ఉన్నాయి.

"అయ్యో అన్నయ్యగారూ! ఏమైందండీ మీ కళ్ళకి?"

"ఏటీ నేదమ్మా. డాక్టరమ్మ ఎట్టుకోమంది. ఎండలో ఇలాగే తిరిగితే కొన్నాళ్ళకి సూపు పోద్దంది."

సరిగ్గా అప్పుడే ఆవిడ వంటింట్లో కుక్కరు కూసింది. ఆ కూతలో 'ఎండలో', 'ఇలాగే తిరిగితే', 'కొన్నాళ్ళకి' అన్నీ కొట్టుకుపోయి, ఆవిడ చెవిన చూపూ పోవడమూ మాత్రమే పడ్డాయి.

"వదినగారికి చెప్పారాండీ?"

"వద్దమ్మా, సెప్పకు. కంగారు పడతాది. నానే ఎల్లి కలుత్తాను."

ఆ మాటకి గంగాభవాని కళ్ళు చెమర్చాయి. చూపు పోయినా పెళ్ళాన్ని కంగారు పెట్టకూడదనుకునే మగవాణ్ణి ఆవిడ అదే మొదటిసారి చూడడం. లోపలికి పరిగెత్తి కుక్కరు దింపి వచ్చేసరికి మనిషి లేడు. వదినగారికి చెప్పొద్దన్నాడు కాబట్టి ఆవిడ వదినగారికి చెప్పలేదు. వదినగారి తమ్ముడు అశోక్‌కి చెప్పింది.

బస్సు కిటకిటలాడుతోంది. నీలకంఠం ఎక్కేటప్పుడు అద్దాల వల్ల మెట్టు అంచనా తప్పి తూలాడు. అంతే, లోపలున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి అటూ ఇటూ జరిగి దారిచ్చారు. ఒకావిడ చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టింది. కండక్టరు వంగి గట్టిగా, చెవుడు కూడా ఉందేమోనన్నట్టు అడిగాడు. "బాబూ, పాసుందేటి?"

"పాసేటి?"

"కళ్ళు కనబడనోళ్ళకి ఇత్తారు కదా, అది."

"నాకు కళ్ళు బాగానే కనబడతన్నాయి."

పక్కావిడ నిట్టూర్చింది. "పాపం, ఇంకా మనసొప్పుకోడం నేదు. కొత్తగా పోయుంటాయి."

నీలకంఠం ఇంకేదో అనబోతుంటే జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. తెర నల్లగా ఉంది. అతనికి తెలియని సంగతి ఏమిటంటే, కళ్ళద్దాల కొట్లో అబ్బాయి అంటగట్టినవి సముద్రం మీది తళతళని కూడా కోసేసే రకం అద్దాలు. వాటిలోంచి చూస్తే కొన్ని ఫోన్ల తెరలు నల్లగా కనబడతాయి. ఫోను మోగుతోంది, తెర మాత్రం చచ్చినట్టుంది. ఎత్తడానికి ఎక్కడ నొక్కాలో తెలియక నీలకంఠం దాన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ నిమిరాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ నిమిరాడు.

"సూడలేకపోతన్నానమ్మా" అని పక్కావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోను చేస్తున్నవాడు అశోక్. ద్వారకా నగర్‌లో సెల్‌ఫోన్ల కొట్టు వాడిది. కొట్టు మూసి, బండి మీద గోపాలపట్నం వచ్చి చూస్తే ఇంటికి తాళం. చూపులేని మనిషి ఒంటరిగా ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. బావ ఫోను ఎత్తడు. ఇంక ఆగలేక అక్కకి ఫోను చేశాడు.

"అక్కా, కంగారు పడకు. బావకి కళ్ళు పోనాయంట. ఇంట్లో నేడు. ఫోనెత్తడం నేదు. నువ్వేటీ కంగారు పడకు."

జ్యోతిర్మయి చేతిలో అట్లకాడ పడేసింది. పెనం మీది అట్టు పెనం మీదే ఉంది. ఉన్న చీరతో, దువ్వని జుట్టుతో, తల్లికి సంగతి అరిచి చెబుతూ వీధిలోకి పరిగెత్తి, ఊళ్ళో జగ్గయ్య ఆటో ఎక్కి కూర్చుంది.

ఆనందపురం దగ్గర బళ్ళు ఆగిపోయాయి. బస్సు ఇటు, ఆటోలు అటు. కిటికీలోంచి బయటికి చూస్తున్న నీలకంఠానికి ఎదుటి వరసలో ఒక ఆటో కనిపించింది. అందులో అంచున కూర్చుని, మెడ చాచి ముందుకి చూస్తూ జ్యోతిర్మయి.

ముందు నమ్మలేదు. ఇన్నాళ్ళుగా ప్రతి బజార్లోనూ ఏదో ఒక వెనకజడని చూసి ఆవిడే అనుకోవడం, కాకపోవడం అతనికి అలవాటైపోయింది. ఇప్పుడు కనిపిస్తున్నది ముఖమే. చిక్కింది. కంటి కింద నలుపు ఉంది. అయినా ఆవిడే.

పేరు పెట్టి పిలవాలి. గొంతులోంచి పేరు రాలేదు. చేతులు మాత్రం అలవాటు కొద్దీ లేచాయి. పిడికిలి బిగించి పైకెత్తాడు. క్రేను భాషలో ఆగు అని. ఆ తరవాత చెయ్యి కిందికి దింపాడు. దిగు అని.

అవతల జగ్గయ్య గమనించాడు. "అప్పా, ఆ బస్సులోన ఎవడో నల్లద్దాలోడు నీకేసి పిడికిలి సూపిత్తన్నాడు."

జ్యోతిర్మయి తలెత్తి చూసింది. టోపీ, నల్లద్దాలు, బిగించిన పిడికిలి. మొగుణ్ణి ఆ వేషంలో ఆవిడ ఎన్నడూ చూడలేదు. "రౌడీ ఎదవలా ఉన్నాడు. ఆడికేసి సూడకు, పోనీ. మా బావ ఏ రోడ్డు మీద తడుముకుంటన్నాడో" అని ముఖం తిప్పేసుకుంది. ఆటో కదిలిపోయింది.

"ఆపండి! అదిగో మా ఆవిడ! ఆ ఆటోలో ఎలిపోతంది!" అని నీలకంఠం లేచి నిలబడ్డాడు. గొంతు అప్పటికి వచ్చింది.

బస్సంతా అతనికేసి తిరిగింది. పక్కావిడ కొంగు తీసేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి నీ నాటకం తగలెయ్యా! కళ్ళు నేవని సీటిత్తే, రోడ్డవతల పెళ్ళాం కనబడిపోనాదా నీకు?"

"కళ్ళు నేవని నానెప్పుడన్నానమ్మా!" అంటూ అతను అప్పటికే దిగిపోతున్నాడు. కండక్టరు వెనకనుంచి ఏదో అన్నాడు. అది ఇక్కడ రాయడం బాగుండదు.

ఇంకో ఆటో దొరికింది. ముందు పోతున్న ఆటోని అందుకోమన్నాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరందులో?"

"మా ఆవిడ."

"గొడవేటి?"

"గొడవేటీ నేదు. తీసుకొద్దారని నాను బయల్దేరాను. తనేమో ఎదురుగా ఎలిపోతంది."

డ్రైవరు గేరు మార్చి గట్టిగా తోలాడు. అయినా జగ్గయ్య ఆటో అందలేదు. గాలికి టోపీ ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని, ముందున్న ప్రతి ఆటో వెనకా వెతుక్కుంటూ కూర్చున్నాడు నీలకంఠం. సీట్లో అంచున కూర్చుందే, కుదుపుకి పడిపోతుందేమో అనుకున్నాడు. అంత కంగారుగా ఎక్కడికి పోతోందో, ఇంటికైతే కాదుగదా అనుకున్నాడు. ఇంటికే అయితే బాగుణ్ణు అని కూడా అనుకుని, డ్రైవరుకి గోపాలపట్నం దారి చెప్పాడు.

గోపాలపట్నంలో వాళ్ళ వీధి తిరునాళ్ళలా ఉంది. ఈలోగా కబురు రకరకాలుగా పెరిగింది. క్రేను కొక్కెం తగిలిందని కొందరు, రసాయనం చిమ్మిందని కొందరు, ఇవేవీ కాదు, పెళ్ళాం మీద బెంగతో ఏడ్చి ఏడ్చి కళ్ళు పోయాయని గంగాభవాని. జ్యోతిర్మయి గుమ్మం ముందు మెట్టు మీద కూలబడి ఏడుస్తోంది.

నీలకంఠం ఆటో దిగాడు. నలుగురు పరిగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకున్నారు. "జాగర్త బావా, ఇక్కడ కాలవుంది" అన్నాడు అశోక్. "మెట్టండీ, మెట్టు!" అంది గంగాభవాని. మెట్టుకి ఇంకా చాలా దూరం ఉంది.

జ్యోతిర్మయి లేచి వచ్చింది. ఆ టోపీ, ఆ అద్దాలు చూసి ఒక్క క్షణం తెల్లబోయింది. రోడ్డు మీది రౌడీ ఎవరో అప్పుడర్థమైంది. కానీ ఆ సంగతి తరవాత. అతని ముఖం ముందు వేళ్ళు పెట్టింది.

"బావా, ఇవి ఎన్నేళ్ళు? సెప్పు."

నీలకంఠం వేళ్ళు చూడలేదు. వేళ్ళ సందుల్లోంచి ఆవిడ ముఖం చూస్తున్నాడు. ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్ళయింది! ముక్కుపుడక పక్కన చెమట బొట్టు. ఏడ్చినప్పుడు ఎడమ బుగ్గ మీద పడే సొట్ట, నవ్వినప్పుడు పడే చోటే. అతను జవాబు చెప్పడం మర్చిపోయాడు.

"ఓలమ్మో! నిజంగానే కనబడ్డం నేదు!" అని ఆవిడ ఘొల్లుమంది. వెనక ఆడవాళ్ళు అందుకున్నారు.

"మూడు" అన్నాడు నీలకంఠం. "సూపుడేలు మీద కాలింది. అట్టు కాలుత్తన్నావేటి?"

ఏడుపు టక్కున ఆగింది. జ్యోతిర్మయి వేలు చూసుకుంది. నిజమే, కాలింది. అప్పటిదాకా ఆవిడకే తెలియదు.

ఆ తరవాత సంగతులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. డాక్టరు ఏమందో, కుక్కరు ఎప్పుడు కూసిందో. అశోక్ ఫోను తీసుకుని చూసి, అద్దాలు పెట్టుకుని చూసి, "తెర బాగానే ఉంది బావా, అద్దాలే మాయ సేత్తన్నాయి" అని తేల్చాడు. ఎత్తని ఫోన్లన్నీ అందులో బారులు తీరి ఉన్నాయి. అద్దాలు తిరిగి బావ చేతికిచ్చాడు. ఏ నేరమూ ఎవరి మీదా నిలవకపోవడంతో జ్యోతిర్మయికి కోపం ముంచుకొచ్చింది.

"దారంతా సచ్చిపోనాను తెలుసా? కళ్ళు బాగున్నాయి కదా, సంతోషం. అమ్మ ఒక్కత్తీ ఉన్నాది. పెనం మీద అట్టు మాడిపోనాది. నాను పోతాను."

జగ్గయ్య ఆటో వైపు నడిచింది. నీలకంఠం అద్దాలు పెట్టుకుని, పిడికిలి బిగించి పైకెత్తాడు.

"సైగలు క్రేనుకి సెయ్యి" అంది ఆవిడ, తిరిగి చూసి. "నాకు నోటితో సెప్పు."

వీధంతా చూస్తోంది. అయితే అద్దాల వెనక ఉన్న కళ్ళు ఎవరికీ కనబడవు. ఆ ధైర్యంతోనే కావచ్చు, మాట బయటికొచ్చింది.

"ఎల్లొద్దు."

"ఎందుకేటి? నీకేటి ఇబ్బంది?"

"నువ్వు నేకపోతే ఇంట్లో ఉండబుద్ధవట్నేదు. డ్యూటీ అయిపోనాక కూడా గేటుకాడే నిలబడతన్నాను. ఇంటికెల్తే ఎవరున్నారు? నిన్ను తీసుకొద్దారనే ఇయ్యాల బయల్దేరాను. కళ్ళ గురించి కాదు."

జ్యోతిర్మయి దగ్గరికి వచ్చింది. గొంతు మారింది. "అద్దాలు తీసి సెప్పు."

తీశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ సూటిగా పడి, ఎర్రని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. అవి ఎండకి వచ్చాయో, దేనికి వచ్చాయో డాక్టరు అనూరాధ కూడా చెప్పలేదు.

"రా" అన్నాడు.

ఆవిడ అతని చేతిలోంచి అద్దాలు లాక్కుని, కొంగుతో తుడిచి, తనే అతని చెవులకి తగిలించింది. "ఎండలోన తియ్యొద్దన్నాది కదా డాక్టరమ్మ. బుద్ధుండాల" అని కసురుకుంది. లోపలికి వెళ్ళి, చీపురు తీసుకుని వసారాలో ఒలికిన బియ్యం ఊడవడం మొదలుపెట్టింది. అంటే ఉండిపోయినట్టే. గంగాభవాని ముక్కు తుడుచుకుంది. జనం పలచబడ్డారు. నీలకంఠం చాలా రోజుల తరవాత గుండెలనిండా ఊపిరి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వీధి చివర ఇంకో ఆటో ఆగింది. దానిలోంచి ముందు ఒక మూట దిగింది, దాని వెనక గంపలో ఒక నాటుకోడి దిగింది. ఆ తరవాత, ఆపరేషను వాళ్ళిచ్చిన పెద్ద నల్లద్దాలతో, కర్ర పట్టుకుని అత్తగారు కాశమ్మ దిగింది.

"అల్లుడా! ఎక్కడున్నావు నాయనా?"

"ఇక్కడే ఉన్నానత్తా. నాకు కళ్ళు బాగానే కనబడతన్నాయి."

నల్లద్దాలూ నల్లద్దాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. కాశమ్మ అతని గడ్డం తడిమి తల ఊపింది. "ఆపరేషనుకి ముందు నానూ అలాగే అన్నాను నాయనా. ఎవులికీ బరువవ్వకూడదని అంటాం. మా గుంట ఒక్కత్తీ నిన్నెలా సూసుకుంటాది? నీ కళ్ళు బాగైనదాకా నాను కదల్ను. ఎన్నాళ్ళు జాగర్తగా ఉండాలన్నాది డాక్టరమ్మ?"

నీలకంఠం నోరు తెరిచేలోపే గంగాభవాని అందుకుంది. ఈసారి ఆవిడ అన్నీ సరిగ్గా విన్నది.

"జీవితాంతం అన్నారండి."

"అయితే మూట లోనెట్టండి" అంది కాశమ్మ.

ఇంట్లో ఉన్నది ఒకటే పడగ్గది. కాశమ్మకి ఫ్యాను గాలి కావాలి, వేళకి చుక్కలమందు వెయ్యడానికి పక్కన కూతురుండాలి. ఆ మధ్యాహ్నమే తల్లీకూతుళ్ళ పక్క ఆ గదిలో, నీలకంఠం చాప ముందుగదిలో, కోడి వసారాలో స్థిరపడ్డాయి. గోడ అవతల నుంచి జ్యోతిర్మయి, "తిన్నావా బావా?" అని అడిగింది. "తిన్నాను" అన్నాడు నీలకంఠం.

భార్యాభర్తల మధ్య దూరం పద్మనాభం నుంచి ఒక్క గోడకి తగ్గింది.